ఆరు కిలోల మూట

మాదాపూర్‌లోని ఆ ఆఫీసులో కొండలెక్కే బృందానికి ఐదేళ్లుగా వాసంతే పెద్దదిక్కు. నిజాంపేటలో కాపురం, టెస్టింగ్‌లో ఉద్యోగం, నెలకో కొండ. ఊరివాళ్ల ఇళ్లలోనే బస, వాళ్లు వండిందే భోజనం, దారిలో కనిపించిన చెత్తంతా ఏరి కిందికి మోసుకురావడం, ఇవన్నీ ఆవిడ పెట్టిన నియమాలే. సోమవారం పార్కింగ్‌లో సంచులు తూకం వేస్తారు. ఎవరి సంచి ఎక్కువ తూగితే తర్వాతి కొండకు వాళ్లే నాయకులు. ఆ కాటా ముందు వాసంతిని ఇంతవరకూ ఎవరూ ఓడించలేదు.

అంతలో హఫీజ్‌పేట్ నుంచి రోహిణి వచ్చి చేరింది. రెండు నెలలైనా కాలేదు, అరకు పైన గూడెంలో బస ఇచ్చే భూలక్ష్మి ఆ పిల్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. మొన్న వెళ్లినప్పుడు రాగి జావ మొదటి గ్లాసు కూడా రోహిణికే అందించింది. ఐదేళ్లుగా ఆ గ్లాసు వాసంతిది. ఆవిడ కడుపు భగ్గున మండింది.

పైగా ఈసారి మళ్లీ అక్కడికే వెళ్తుంటే రోహిణి అందరిచేతా స్టీలు డబ్బాలే తెప్పించింది. భూలక్ష్మితో మాట్లాడి, గూడెం వాళ్లచేత ముందే దారి ఏరించింది. ఇక ఏరడానికేముంది? చెత్త లేదని ఏడ్చిన మనిషి లోకంలో వాసంతి ఒక్కతే అయి ఉంటుంది.

ఆదివారం సాయంత్రం ఇల్లు చేరగానే వంటింటి అటక మీది పాత పచ్చడి సీసాలు, పాల కవర్లు సంచిలో కుక్కి మూతి బిగించింది. మర్నాడు తూకంలో రోహిణిది పావు కిలో, వాసంతిది ఆరు కిలోలు. అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు ప్రకారం భూలక్ష్మికి ఫోన్ కలిపి, స్పీకర్లో పెట్టి ఆ సంగతి చెప్పారు.

అవతల భూలక్ష్మి గొంతు హెచ్చింది.

"దారంతా మేమే ఏరి పెట్టినాం కదమ్మా. ఆరు కిలోలూ మీరు పడేసినవేనా? మా పెద్దోళ్లకేటి చెప్పాలి నేను? ఇంక మా గూడేనికి రావద్దు."

అందరి ముఖాలూ మాడిపోయాయి. "గట్లనకు భూలక్ష్మక్కా, తప్పు నాదే, జర మాఫ్ చెయ్యి," అని రోహిణి బతిమాలడం మొదలుపెట్టింది. చేయని తప్పు నెత్తిన వేసుకుని ఇక్కడా మంచిపేరు కొట్టేస్తోందే అనుకుని వాసంతి ఫోన్ లాక్కుంది.

"భూలక్ష్మీ, అవి మీ గూడెంవి కావు. మా వంటింట్లో పచ్చడి సీసాలు. నేనే కుక్కాను, ఈ పిల్ల మీద కుళ్లుతో."

ఎవరూ నవ్వలేదు. రోహిణి అయినా నవ్వితే బాగుండుననిపించింది. ఆ పిల్ల వంగి మూట ఒక కొస పట్టుకుని, "పా అక్కా, బరువున్నది, ఇద్దరం మోసుకపోదం," అంది.

వాసంతికి అప్పుడు కూడా ఒళ్లు మండింది.