డాక్టరు గారి చదువు అడిగినందుకు

మా ఇంట్లో నాకు పొగరని పేరు. ఈ రోజు రాజమండ్రిలో నాన్నకు షుగరు చూసే డాక్టరు గారిని, "ఈ జబ్బు మీద ప్రత్యేకంగా ఎక్కడ చదివారండి?" అని అడిగాను.

"ముప్పై ఏళ్ళ అనుభవమమ్మా, అదే చదువు," అని నవ్వారు. "ఆయన్ని ఇంటర్వ్యూ చేస్తావేంటే?" అని అమ్మ గిల్లింది. నాన్న పాదాలు మాత్రం ఆయన చూడలేదు.

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. సిమెంటు మెట్లు కాలిపోతుంటే గెంతుతూ చెప్పుల్లో దూరాను. నాన్న ఆ మెట్ల మీదే ఉత్తికాళ్ళతో నిలబడి, కాంపౌండరుతో కడియం నర్సరీల మొక్కల గురించి తీరిగ్గా మాట్లాడుతున్నారు.

"కాళ్ళు కాలట్లేదా నాన్నా?"

"ఏం కాలుద్దమ్మా? చల్లగానే ఉంది."

షుగరు ముదిరితే పాదాలకు స్పర్శ పోతుందట. మీ షుగరు డాక్టర్లు పాదాలు చూస్తారా? ఎండోక్రైనాలజీ చదివి, షుగరే చూసే డాక్టరు విశాఖపట్నంలో ఉన్నారట. రేపు పొద్దున్న బస్సుకి నాన్నను తీసుకెళ్తున్నాను.