అమావాస్య సెలవు

నేతవాళ్ల ఇళ్లలో ఆదివారానికి విలువ లేదు, అమావాస్యకు ఉంది. ఆ ఒక్కరోజు మగ్గం ముట్టుకోరు. ఈ సంగతి ఏసీ కంట్రోలర్‌కు నేర్పింది నేనే. అందుకు ఒకప్పుడు మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, నల్లగొండ వైపు మా ఊళ్లో నేతవాళ్ల కోసం ఒక చేనేత కేంద్రం పెట్టి, అందులో పెద్ద హాలు కట్టారు. గోడల నిండా తెరుచుకోని అద్దాలు. చల్లదనమంతా ఏసీ నుంచే రావాలి. నేను పాలిటెక్నిక్ ముగించి ఖాళీగా ఉంటే, ఆ కేంద్రంలో కరెంటు, ఏసీ పనులు చూసే సూపర్‌వైజరు నన్ను తన కింద పనికి పెట్టించాడు. హాలియా దిక్కు మనిషి. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అని పిలిచేదాన్ని. మధ్యాహ్నం మా అమ్మ కట్టిచ్చిన టిఫిన్ గిన్నెలో సగం ఆయనదే. పచ్చిపులుసు ఉన్నరోజు సగం కంటే ఎక్కువే.

కంట్రోలర్ పని ఆయనే నేర్పాడు. వారం షెడ్యూల్‌లో ఏ రోజు ఏ వేళ నుంచి ఏ వేళ వరకు హాల్లో మనుషులుంటారో చెప్పాలి. ఆ వేళల్లో అది చల్లగా ఉంచుతుంది. సెలవుల పేజీ వేరు. అక్కడ పెట్టిన తేదీల్లో వారం షెడ్యూల్‌ను అసలు లెక్కచేయదు. హాలు ఖాళీగా ఉందనుకుని, లోపల బాగా ఉడికిపోతే తప్ప మిషన్‌ను నడపదు. బిగించినవాళ్లు ఆదివారాలన్నీ సెలవుగా పెట్టి పోయారు. నేను వాటిని తీసేసి, క్యాలెండర్ ముందేసుకుని ఏడాది అమావాస్యలన్నీ ఒక్కొక్కటీ ఎక్కించాను.

"మావోళ్లకు అమాసనే ఆదివారం అన్నా," అంటే ఆయన పడీపడీ నవ్వాడు. "మిషిన్‌కు పంచాంగం నేర్పుతున్నవ్ చెల్లె!"

అమ్మను హాలుకు ఒప్పించడమే కష్టమైంది. మా ఇంట్లోది గుంట మగ్గం. నేల తవ్వి, ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని నేయాలి. ఎండాకాలంలో కూడా ఆ మట్టి చల్లగా ఉండేది. "గా అద్దాల డబ్బాల కూసొని నేసుడేంది బిడ్డా?" అనేది. మోకాళ్లు నొస్తున్నాయి కదా, అక్కడ ఎత్తు మీద కూర్చుని నేసే మగ్గాలున్నాయి, ఏసీ నా చేతిలో పని అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. చివరికి "నీ మాట మీద వస్తున్న," అని గుంట పూడ్పించింది. చదునైన జాగాలో నా మంచం వేసింది. ఆమెను చూసి మా వాడకట్టు ఆడవాళ్లు కొందరు కదిలారు.

ఎండలు ముదిరేసరికి హాల్లో చల్లదనం పోయింది. కాసేపు గాలి వచ్చేది, మళ్లీ ఆగిపోయేది. ఆడవాళ్లు కొంగులతో విసురుకుంటూ నన్ను ఆటపట్టించేవారు. "నీ మిషిన్‌కు దమ్ము లేచిందా బిడ్డా? జర దవాఖానకు తీస్కపో."

అన్నను అడిగాను. "లోపల పార్టు ఖరాబైంది, హైదరాబాద్ నుంచి రావాలె. నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాడు. నేనూ వారం షెడ్యూల్ తెరిచి చూశాను. అంతా సరిగ్గానే ఉంది. సెలవుల పేజీ నా చేత్తో నింపిందే కదా అని దాన్ని తెరవలేదు. రోజూ హాలుకు పోయి "పార్టు వస్తాంది, జర ఓపిక పట్టుండ్రి," అని చెప్పేదాన్ని. వేడికి పోగులు పుటుక్కున తెగేవి. ఒకరోజు అమ్మ కళ్లు తిరిగి మగ్గం మీదికే వాలిపోయింది. అన్న పరుగున నీళ్లు తెచ్చాడు. ముఖాన చల్లితే లేచి కూర్చుని, గొణుగుతున్న ఆడవాళ్లతో అమ్మే అంది: "నా బిడ్డ చెప్పింది గదా, పార్టు వస్తది."

వానలు పడ్డాక పెద్దాఫీసరు వచ్చాడు. హాల్లోనే మీటింగు. ఆ పొద్దు మాత్రం లోపల చలి పుట్టింది. ఈ ఎండాకాలం కరెంటు బిల్లు బాగా తగ్గించారని ఆయన మెచ్చుకోగానే అన్న మైకు అందుకున్నాడు.

"గిదంతా మా చెల్లె తెలివి సార్. అమాసకు సెలవు పెట్టింది తనే. మేము గా సెలవునే జర సాగదీసినం, ఎండాకాలమంతా. మనుషులు పనికి వచ్చిండ్రు, బిల్లు పెరగలే."

పెద్దవాళ్లు చప్పట్లు కొట్టారు. నన్ను పైకి పిలిచి, మా కేంద్రంలో నేసిన శాలువానే కప్పారు. ఆడవాళ్లెవరూ చప్పట్లు కొట్టలేదు. అమ్మ తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటోంది.

ఆఫీసు గదిలోకి పోయి సెలవుల పేజీ తెరిచాను. ఎండలకు ముందు నేను పెట్టిన అమావాస్య అలాగే ఉంది. ముగిసే తేదీ మాత్రం మారింది. ఒక్కరోజు సెలవు వానాకాలం దాకా పోయింది.

అన్న నా వెనకే వచ్చాడు.

"ఎందుకు చేసినవన్నా?"

"బిల్లు తగ్గియ్యుమని పైనోళ్లు పానం తీస్తుండ్రు. నీకు చెప్తే ఒప్పుకుంటుంటివా? అందుకే నీ పేరు చెప్పిన గదా, పర్మినెంట్ చేస్తరు సూడు." మేలు చేసినవాడి ముఖమే పెట్టాడు.

"మా అమ్మ పడిపోయిన్నాడు నువ్వు ఆడనే ఉన్నవ్."

"నీళ్లు తెచ్చింది నేనే గదా చెల్లె."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి చిన్నప్పటి నుంచీ విన్నాను. అమ్మ వండింది తిని, ఆ అమ్మనే ఉడకబెట్టినవాణ్ని ఏమనాలో నాకు ఇప్పటికీ మాట దొరకలేదు. ఏళ్లు గడిచాయి, కోపం చల్లారిందని మాత్రం చెప్పను. అబద్ధం తనది, చెప్పిన నోరు నాది. అది క్షమించడం నా వల్ల కాలేదు.

ఇంటికి వచ్చేసరికి నా మంచం వాకిట్లో ఉంది. లోపల అమ్మ గడ్డపారతో నేల తవ్వుతోంది.

"నాకు తెల్వదమ్మా, నీ మీద ఒట్టు. ఆయన చెప్పిందే నేను చెప్పిన."

"నువ్వు చెప్పిందే నేను అందరికి చెప్పిన," అంది, తవ్వడం ఆపకుండా.

పార అందుకుని మట్టి ఎత్తబోయాను. అప్పుడు తలెత్తి నా భుజం వైపు చూసింది.

"గా శాలువ తీసి పక్కకు పెట్టు బిడ్డా, మన్నయితది," అంది. "నేను కండ్లు తిరిగి పడ్డనాడు మగ్గం మీద ఉన్నది గదే."