ఫ్యాను కింద నేర్చిన గోల్ఫ్

అరవై మూడు మంది ఆడవాళ్ల ముందు, వాళ్ల భర్తల ముందు, మరుగుతున్న ఒక గంజు చాయ్ ముందు నా పరువు ఎలా పోయిందో ఇవాళ చెప్తాను. అరవై మూడన్నది అందాజాగా అన్న మాట కాదు. ముప్పై మూడేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. పరువు పోతున్నప్పుడు కూడా తలలు లెక్కపెట్టాను.

అప్పటికి నాకు అరవై రెండేళ్లు, రిటైరై నాలుగేళ్లు. మందమర్రి దగ్గర మా గనుల కాలనీలో ఆడవాళ్లం పొద్దున నడవాలంటే బొగ్గు లారీల రోడ్డే దిక్కు. మెత్తటి గడ్డి ఉన్న చోటు ఒక్కటే, ఆఫీసర్ల క్లబ్బు వెనక గోల్ఫ్ మైదానం. వారానికి ఒక్క పొద్దు మాకు వదలమని అడగడానికి పక్క క్వార్టరు షాహీన్, నేను క్లబ్బు సెక్రటరీ దగ్గరికి వెళ్లాం.

"గది గోల్ఫ్ ఆడేటోళ్ల జాగ అమ్మా, నడిచేటోళ్లది కాదు. మీల ఎవలకన్న ఆడొస్తదా?" అన్నాడాయన.

"నాకొస్తది," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. అప్పటిదాకా నా చేతిలో ఆడిన కర్ర బెత్తం ఒక్కటే.

"అయితే ఆరు వారాలైనంక ఆదివారం రాండ్రి. మూడు దెబ్బలల్ల బంతి గా సున్నం గీత దాటితె గురువారం పొద్దుగాల మీదే. దాటకుంటె మళ్ల అడగొద్దు."

బయటికి రాగానే షాహీన్ నా మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, సచ్ చెప్పు. నీకొస్తదా?"

"రాదు."

"యా అల్లా! మరెట్ల?"

"ఎక్కాలు ఎట్లొచ్చినయే? రోజూ చదివితె రాలేదా? గిదీ గంతే."

షాహీన్ వాళ్ల అన్నను అడిగి ఒక పాత గోల్ఫ్ కట్టె, ఒక బంతి తెచ్చింది. బయట సాధన చేస్తే నాకు రాదని కాలనీకంతా తెలిసిపోతుంది కదా, అందుకని మా ముందు గదిలోనే మొదలుపెట్టాను. గది పది అడుగులు, పన్నెండు అడుగులు. రెండో ఊపుకే బంతి టీవీకి జానెడు దూరంలో గోడను తాకింది. మా ఆయన రాజయ్య ముప్పై ఐదేళ్లు గనిలో పైకప్పు కింద ధైర్యంగా పనిచేసిన మనిషి. ఆ రోజు మంచం కింద దూరాడు. బయటికొచ్చి బంతిని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"కట్టె ఎంతనన్న తిప్పుకో. బంతి మాత్రం గీ ఇంట్ల కనబడొద్దు."

అలా బంతి లేకుండానే గోల్ఫ్ నేర్చుకున్నాను. నవ్వకండి, ఇంకా ఉంది. నెత్తిమీద ఫ్యాను. ఎండాకాలం, ఆపితే ఉక్క. అందుకని కట్టె పైకెత్తగానే తల వంచి, మోకాళ్లు వంచి, ఫ్యాను కింద నుంచి జారేదాన్ని. ఎడమపక్క బీరువా. దానికి తగలకుండా చివర్లో కట్టెను ఎదురుగా ఉన్న వంటింటి దర్వాజ వైపు మళ్లించేదాన్ని. రోజుకు వంద ఊపులు. జ్వరమొచ్చి ఒకరోజు ఆగితే మర్నాడు రెండు వందలు. నలభై రెండు రోజులకు నాలుగు వేల రెండు వందలు, తేదీల వారీగా నోటుబుక్కులో గళ్లు గీసి రాశాను. బంతికి ఎన్ని తగిలాయి అన్న గడి మాత్రం గీయలేదు. కాని ఆ వంగడం, ఆ మళ్లించడం బతుకమ్మ ఆటలో చప్పట్లలా తప్పకుండా కుదిరాయి.

ఆదివారం వచ్చింది. సెక్రటరీ స్నేహితులతో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "కొట్టు టీచరమ్మా!" అని మావాళ్లు అరిచారు.

కట్టె ఎత్తాను. తల వంచాను, మోకాళ్లు వంచాను, గాలి చీల్చేలా ఊపాను. అందరూ ఆకాశంలోకి చూశారు. చప్పట్లు కూడా పడ్డాయి. బంతి నా కాళ్ల ముందే, పొదగేసిన గుడ్డులా కదలకుండా ఉంది.

"ఓ సరోజనా!" అని మా ఆయన గొంతు. "గీడ ఫ్యాను లేదే!"

రెండో దెబ్బకు తల వంచలేదు. తగిలింది! లేచింది! లేచిన బంతి సున్నం గీతను వదిలేసి, కుడిచేతి వైపు టీ అంగడి దారి పట్టి, మరుగుతున్న గంజులో బుడుంగున మునిగింది.

అంగడి మల్లేశం గంటెతో దాన్ని పైకి తీశాడు. "టీచరమ్మా, చాయ్‌ల గుడ్డు ఎవ్వలు అడగలే!"

మైదానమంతా నవ్వింది, మా అరవై మూడు మంది తప్ప. ఇంకొక్క దెబ్బ పోతే వాళ్లకు మళ్లీ లారీల రోడ్డే. ఒట్టి నా నోటి తొందర వల్ల.

షాహీన్ పరుగెత్తుకొచ్చింది. "అక్కా, పరేషాన్ గాకు. మీ ఇంట్ల అయితే బంతి పోయిన దిక్కు ఏముంటది?"

చూశాను. గీత ఉన్న చోట బీరువా. టీ అంగడి ఉన్న చోట... "వంటింటి దర్వాజ."

"మరింకేంది! నీ చెయ్యి వంటింట్లకే పోతది, గా అలవాటు మారదు. నువ్వే తిరుగు, గీత వంటింటి దిక్కు వచ్చేటట్టు!"

ఇది లెక్క! ఇది నాకొచ్చు. సరిగ్గా నలభై ఐదు డిగ్రీలు ఎడమకు తిరిగి నిలబడ్డాను. ఇప్పుడు నా గురి నేరుగా సెక్రటరీ మీద.

"అమ్మా, గీత గటు! గటు!" అంటూ ఆయన, స్నేహితులు కుర్చీలు తన్నేసి ఉరికారు.

కొట్టాను. బంతి లేచి, పడి, దొర్లి, దొర్లి, గీత దాటి రెండు జానల దూరంలో ఆగింది. నేనే కొలిచాను.

సెక్రటరీ మాట తప్పలేదు. మర్నాడే గేటుకు బోర్డు కట్టించాడు: "గురువారం ఉదయం ఆడవాళ్లకు మాత్రమే. ఆ పూట టీ అంగడి బంద్."

ఇప్పుడు నాకు డెబ్బై ఒకటి. ఈ తొమ్మిదేళ్లలో ఏ గురువారమైనా ఆ గడ్డి మీద నడవకపోతే నా మోకాళ్లు అలుగుతాయి.

ఇక ప్రతిజ్ఞ. సూర్యచంద్రుల సాక్షిగా, షాహీన్ సాక్షిగా, ఈ జన్మలో మళ్లీ ఏ ఆటనూ ఇంట్లో నేర్చుకోను. ఈ మాటే మొన్న మా ఆయనకు గంభీరంగా చెప్పి, "ఈత నేర్చుకోవాలనున్నది," అన్నాను.

ఆయన లేచి వెళ్లి పెరట్లో నీళ్ల డ్రమ్ము బోర్లించి వచ్చాడు.