తాతయ్య తీసిన సూర్యుడు, నా ఓణీల ఫొటో

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నర కావస్తోందంటే నేను గడియారం పట్టుకుని మేడ మీద నిలబడాలి. రేడియోతో టైము సరిచూసిన గడియారం అది. నేను "ఇప్పుడు!" అని అరవగానే తాతయ్య కెమెరా మీట నొక్కేవారు. ఒక్కసారే. మళ్ళీ వారం దాకా దాని జోలికి ఎవరూ పోకూడదు.

తాతయ్యంటే అమ్మ వాళ్ళ నాన్న. హైస్కూల్లో సైన్సు మాస్టారుగా రిటైరయ్యారు. భవానీపురంలో కింద మేము, పైగదిలో ఆయన... ఆయనతో పాటు ఫొటోలు కడిగే ట్రేలు, మందు సీసాలు, ఆ పాత కెమెరా.

ఏడాది పొడుగునా ఒకే చోటి నుంచి, ఒకే టైముకి సూర్యుణ్ణి తీస్తే ఆకాశంలో ఎనిమిది అంకె గీసినట్టు వస్తుందట. అదీ వేరు వేరు ఫొటోలు కాదు, సూర్యుళ్ళన్నీ ఒకే ఫొటోలో పడాలి. ఆ కెమెరాలో రీలు చేత్తో తిప్పితేనే కదిలేది. తిప్పకపోతే ఒకదాని మీదే ఎన్నిసార్లైనా తీయొచ్చు. అందుకని పిట్టగోడకి చెక్కపెట్టె బిగించి, కెమెరా కదలకుండా అందులో స్క్రూలు వేసి, పెట్టె ముందు ఆటోనగర్ నుంచి తెచ్చిన వెల్డింగ్ వాళ్ళ నల్లద్దం పెట్టారు.

"మామగారు సూర్యుడికి పాస్‌పోర్ట్ ఫొటో తీస్తున్నారు" అనేవారు నాన్న. ఇంటిల్లిపాదికీ అదో నవ్వులాట. తాతయ్యా నవ్వేసేవారు. మబ్బు పట్టిన ఆదివారం మాత్రం ఆయనకి కాఫీ కూడా సయించేది కాదు.

అలా పది నెలలు గడిచాయి. ఇంకో ఏడు ఆదివారాలు ఉన్నాయనగా నా ఓణీల ఫంక్షన్ వచ్చింది. రావాల్సిన ఫొటోగ్రాఫరు హనుమాన్ జంక్షన్లో పెళ్ళికెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. నాకు బట్టలు పెట్టడానికొచ్చిన మామయ్య తాతయ్య కెమెరా అడిగాడు.

"ఏడు వారాలేరా... దాన్ని కదపొద్దు" అన్నారు తాతయ్య.

"సూర్యుడు రోజూ వస్తాడు నాన్నా. పిల్లకి ఓణీలు రోజూ ఇస్తామా?"

అందరూ నవ్వారు. నేను ఏడ్చాను. "తాతయ్యకి నేనంటే ఇష్టం లేదు" అన్నాను, చుట్టాలందరి ముందూ. వారం వారం ఆయన పక్కన నిలబడ్డ నేనే అన్నాను.

ఆయన పైకెళ్ళి, స్క్రూలు విప్పి, కెమెరా తెచ్చి మామయ్య చేతిలో పెట్టారు. "ముందు రీలు ఒకసారి తిప్పు. ఉన్నకాడికైనా మిగులుద్ది" అని చెప్పి మళ్ళీ పైకెళ్ళిపోయారు.

మామయ్య తిప్పలేదు. తిప్పలేదని నేను చూశాను. ఒక్క మాట అంటే సరిపోయేది... కానీ మెడలో దండ వేసుకుని కుర్చీలో కూర్చున్నాను, అందరూ నన్నే చూస్తున్నారు. ఊరుకున్నాను.

మామయ్య స్టూడియోలో కడిగించిన ఫొటోలు వారానికి వచ్చాయి. మొదటిదాంట్లో నా మొహం మీద, ఓణీ మీద వరసగా తెల్లటి చుక్కలు. ఒక పక్క ఇంకా కలవని ఎనిమిది. ఆ గదిలో దాన్ని గుర్తుపట్టింది నేనొక్కదాన్నే.

"ఇదేంటే, పిల్లకి అమ్మవారు పోసినట్టుంది! ఇలాంటివి ఇంట్లో ఉంచకూడదు" అంటూ పెద్దమ్మ ఫొటో చింపేసి, నెగటివ్ పొయ్యిలో పడేసింది.

తాతయ్య కిందికొచ్చి అడిగింది ఒకటే. "వచ్చిందా అమ్మా, ఎనిమిది?"

ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు. వచ్చింది తాతయ్యా అనడానికి నాకేం పోయింది? ఈ రోజుకీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉంటాను.

ఆ తర్వాత ఆయన ఆరేళ్ళు బతికారు. ఆరుసార్లు తీయగలిగినంత కాలం. మళ్ళీ మొదలుపెట్టలేదు, పెట్టమని మేమెవరమూ అనలేదు. ఆ చెక్కపెట్టెలో అమ్మ బట్టల క్లిప్పులు వేసుకుంది.

ఇప్పుడు ఫోన్లో వెతికితే ఆ ఎనిమిది క్షణంలో కనిపిస్తోంది... ఎవరో, ఎక్కడో తీసింది. మా పిల్లల ఫంక్షన్లకి వేల ఫొటోలు తీస్తున్నాం, ఒక్కటీ మళ్ళీ తెరిచి చూడటం లేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిచ్చి ఏదో పట్టుకున్న పెద్దాయన, ఆయన్ని చూసి మీరంతా నవ్విన సంగతి ఉంటే కింద రాయండి... ఆయన ఇంకా ఉంటే మాత్రం ఇక్కడ రాయకండి. లేచి వెళ్ళి ఆయనకే చెప్పండి.