ఒట్టి మగ్గం చప్పుడు

నా చిన్నప్పుడు మా మగ్గాల వీధిలో పిల్లలకు తర్కశాస్త్రం చెప్పిన మనిషి ఒక్కడే, మా చిన్నాయన. పగలంతా చీరలు నేసేవాడు. దీపాలు పెట్టే వేళకు అరుగు మీద కూర్చుని ఎప్పటిదో ఒక పాత తర్క గ్రంథం విప్పేవాడు. కంటికి కనిపించనిదాన్ని గుర్తును బట్టి ఎలా తెలుసుకోవాలో అందులో ఉంటుంది. పొగను చూసి నిప్పుందని తెలుసుకోమంటుంది గ్రంథం. మాకు ఆయన మగ్గంతో చెప్పేవాడు, చప్పుడు వినబడితే నేత సాగుతున్నట్టేనని. మా గుంపులో అందరికన్నా ముందు అర్థమయ్యేది నాకే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఏడు ఒంటిమిట్ట తిరునాళ్లకు నాకు పావడ గుడ్డ నేసిస్తానన్నాడు. "పోగు ఎక్కించినా పాపా. అయ్యేదాకా లోపలికి రావద్దు" అన్నాడు. అప్పటిదాకా అక్కల పాత పావడలే కట్టుకున్నదాన్ని నేను. బడి నుంచి వస్తూ ఆయన కిటికీ కింద నిలబడి మగ్గం చప్పుడు వినేదాన్ని. రంగు కూడా నేనే అనుకున్నాను, మామిడిపండు రంగుకు ఎర్రంచు. ఇక చూడండి, వీధంతా చెప్పుకుని తిరిగాను.

ప్రయాణం రోజు పొద్దున నన్ను లోపలికి పిలిచాడు. తోటి పిల్లలంతా అప్పటికే మూతులకు చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. కిటికీ పక్కనున్న రెండో మగ్గం మీద ఒక్క పోగు లేదు. నేను బడి నుంచి వచ్చే వేళకు రోజూ ఆయన ఆ ఒట్టి మగ్గాన్నే ఆడించేవాడట, ఇప్పుడూ ఆడించి చూపించాడు. అచ్చం అదే చప్పుడు.

"చప్పుడైతే వింటివి, గుడ్డ చూస్తివా? గుర్తు కూడా ఒక్కోసారి మోసం చేస్తాది. ఇదే ఈ పూట పాఠం" అన్నాడు, తెగ మురిసిపోతూ.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "నేను చప్పుడు విని నమ్మలేదు చిన్నాయనా. నువ్వు చెప్తివని నమ్మితి" అన్నాను.

పిల్లల నవ్వులు ఆగిపోయాయి. ఆ పూట నేను తిరునాళ్లకు పోనేలేదు. తర్వాత నిజంగానే గుడ్డ నేసి తెచ్చాడు, పాపం. నేను ముట్టుకోలేదు, మా చెల్లెలు కట్టుకుంది.

ఇప్పుడు నేనూ అదే గ్రంథాన్ని ఇంటికొచ్చే కాలేజీ పిల్లలకు చెబుతున్నాను. నమ్మదగిన మనిషి మాట కూడా తెలుసుకోవడానికి ఒక దారేనని అందులోనే ఉంది. ఆ భాగం వచ్చినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. తర్కం నేర్పినందుకు ఆయనకు ఈనాటికీ దండం పెడతాను, ఆ అబద్ధాన్ని మాత్రం మన్నించలేదు. పాఠం ఎంతకీ తలకెక్కకపోతే పదిసార్లయినా చెబుతాను గానీ, నన్ను నమ్మిన పిల్ల మీద దాన్ని ప్రయోగించి చూడను.