అమ్మ చెప్పని మాట

ఐదేళ్ళు ఒక అబద్ధం మోశాను. నెత్తిన బోనమైతే గుడి దగ్గర దించేయొచ్చు. దీన్ని దించడానికి చోటే దొరకలేదు. మీరు మా బస్తీలో ఉండరు కదా, మీకైతే దాచకుండా చెప్పగలను.

హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగులో నేనూ మంజులక్కా హౌస్‌కీపింగ్ చేసేవాళ్ళం. లింగంపల్లిలో పక్కపక్క గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. రాత్రి షిఫ్టు అమ్మాయిల్ని ఇళ్ళకు దింపడానికి ఆడ డ్రైవర్లు కావాలి, కారు మేమే నేర్పిస్తాం అని కంపెనీ వాళ్ళంటే ఇద్దరం చేతులెత్తాం. మొదటి వారమే నేను ఖాజాగూడ రోడ్డులో డివైడర్ ఎక్కించాను. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ తర్వాత కారెక్కమంటే ఏదో ఒక సాకు చెప్పి తప్పుకునేదాన్ని. మానేశాను. అక్క మానలేదు. లారీల మధ్య నుంచి నవ్వుతూ దూరిపోయేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. అసూయా? ఆమె వెళ్ళిపోతే పిరికిదాన్ని నేనొక్కదాన్నే మిగులుతానని భయమా? ఎంత ఆలోచించినా తేలలేదు. రెండూ అనుకోండి.

ఆ ఆషాఢంలో మా బస్తీ బోనాల్లో డప్పులు మోగుతుంటే నాకు పూనకం వచ్చింది, మావాళ్ళు శిగం అంటారు. మొదట నిజంగానే వచ్చింది. కాసేపటికి దిగిపోయింది. దిగిపోయిందని నాకు తెలుసు, వేపకొమ్మలు మాత్రం ఊపుతూనే ఉన్నాను. మంజులక్క అత్త ముందుకొచ్చి, మా కోడలు కారు నేర్చుకుంటోంది, ఏమన్నా ఆపద ఉందా తల్లీ అని దండం పెట్టింది.

“సక్రం ముట్టనియ్యకు. నెత్తురు కనవడుతున్నది” అన్నాను. నా గొంతుతో, నా తెలివితో.

అమ్మవారి మాటకు ఎదురేముంది? అక్క మానేసింది. మర్నాడు ప్యాంట్రీలో కప్పులు తుడుస్తూ అడిగింది.

“నిన్న శిగంల నా గురించి ఏందో చెప్పినవంట. యాదికున్నదా?”

“నాకేం యాదికుంటదక్కా? అమ్మ వచ్చినప్పుడు నేనుంటనా?”

“గంతే లే. నా పానం నిలవెట్టింది. నీ నోరు సల్లగుండ, చెల్లె.”

ఆ దీవెన నన్ను తినేసింది. చెబితే అక్క నాకు దూరమవుతుంది, అత్త ఊరుకోదు, అమ్మవారు అసలే ఊరుకోదు. జ్వరం వచ్చినా దానికేనేమో అనుకునేదాన్ని.

ఈ మధ్య గేటు దగ్గర ఒకామె క్యాబ్ తిప్పుతుంటే అక్క నేల తుడిచే మాపు ఆపి అలాగే చూస్తూ నిలబడింది. దెబ్బలు తగులుతాయని ఇన్నేళ్ళు నేను దాక్కుంటే, ఆ దెబ్బ ఆమెకు తగులుతూనే ఉంది కదా అనిపించింది. నాకు దెబ్బలు పడితే పడనీ అనుకుని ఆ సాయంత్రమే అత్తాకోడళ్ళిద్దరి ముందూ చెప్పేశాను. మాట వణకలేదు. అత్త చెప్పు తీసింది. కొట్టలేదు కానీ, తల్లితోనే ఆడుకున్నావు, నీ సంగతి ఆమే చూసుకుంటుంది అంది. చూసుకోనీ. అక్క పొయ్యి కట్టేసి లోపలికి పోయింది.

వాళ్ళకు నేను చేసింది చెప్పాను. ఎందుకు చేశానో మీకే చెబుతున్నాను.

ఇప్పుడు అక్క నాతో మాట్లాడదు. బోనాలకు నన్నెవరూ పిలవరు. క్షమించమని నేనూ అడగలేదు. అయినా అన్నం రుచి తెలుస్తోంది, పడుకుంటే నిద్ర పడుతోంది.

మొన్న పొద్దున మదీనాగూడలో రోడ్డు దాటుతున్నాను. వెనక హారన్ మీద హారన్. తిరిగి చూస్తే ఎల్ బోర్డు కారు. స్టీరింగ్ ముందు మంజులక్క. నా వంక చూడలేదు, రోడ్డు వంకే చూస్తోంది.

పక్కకు తప్పుకున్నాను.