తోక కత్తిరించిన చోటు

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇంట్లో వాళ్లకు చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు.

అప్పట్లో నేను వరంగల్‌లో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ సార్‌ని. కరోనాకు బడులు మూతపడ్డ రోజులవి. పాఠాలన్నీ వీడియోలయ్యాయి. టీచర్లు ఒక్కొక్కరే ల్యాబ్‌కు వచ్చి, స్క్రీన్ రికార్డింగ్ పెట్టుకుని, పాఠం చెప్పి వెళ్లేవారు. చాలామంది పాఠం అయ్యాక రికార్డింగ్ ఆపడం మరిచిపోయేవారు. దగ్గులు, ఆవలింతలు, ఇంటికి ఫోన్ చేసి కూరేం వండాలో చెప్పడాలు, అన్నీ అందులోకి ఎక్కేవి. దాన్ని మేం తోక అనేవాళ్లం. ఆ తోక కత్తిరించి, వీడియోను తల్లిదండ్రుల గ్రూపులో పెట్టడం నా పని. సార్ చూసుకుంటాడులే అని వాళ్లకో ధీమా. ఆ ధీమా మీదే అందరి నోళ్లూ నడిచేవి.

పదో తరగతికి లెక్కలు చెప్పే రూతు టీచర్ ఉండేది. నెక్కొండ ఆడపడుచు. ఆమె వీడియోలంటే పిల్లలకు ప్రాణం. ములుగు అవతలి పల్లెల్లో, మా బడి ముఖం కూడా చూడని పిల్లలు ఎవరి ఫోన్లోనో అవి చూసి లెక్కలు నేర్చుకుంటున్నారని విన్నాను. మరి నా వీడియోలు? కదిలే బొమ్మలు పెట్టి, వెనక సంగీతం పెట్టి, కళ్లు పోయేలా కూర్చుని చేసినవి. ఎవరూ తెరిచేవారు కాదు. నాకు కడుపు మండేది. ఈ ఒక్క వాక్యం రాయడానికే నాకు ఇంతకాలం పట్టింది.

ఒకరోజు ఆమె త్రికోణమితి పాఠం తోక వింటున్నాను. పాఠం అవగానే చెల్లెలు ఫోన్ చేసినట్టుంది.

"ఏం పాఠాలే, ఎవరు చూస్తాండ్లు? సగం మంది పిల్లలకు ఫోనే లేదాయె. ఇవి పిల్లల కోసం కాదు చెల్లే, అడ్మిషన్లు పోకుండ తల్లిదండ్రులకు చూపెట్టనీకే" అంది.

ఆమె వీడియోల సంగతి వేరైనా, మాట నిజమే కదా అనుకుని నవ్వుకున్నాను. స్టాఫ్‌రూములో అందరం అనే మాటే అది. ఆ వెనకే ఇంకొకటి వచ్చింది.

"మా కంప్యూటర్ సార్ ఉన్నడు జూడు, ఆయన వీడియోలు ఆయనే చూసుకోవాలె."

అని పకపకా నవ్వింది.

అంతే. ఎంత చిన్న మాట అది. మనిషి ఎదురుగా లేనప్పుడు ఎవరు ఎవర్ని అనరు? నేను ఆమెను అనలేదా? అన్నాను, అంతకన్నా పెద్ద మాటలే అన్నాను. కానీ ఆ పూట ఆ నవ్వు నా ఒంట్లోకి దిగబడింది. తోక మొత్తం కత్తిరించాల్సినవాణ్ని, నా ప్రస్తావన మొదలయ్యే చోటు వెతికి అక్కడ కత్తిరించాను. దాని ముందున్నది ఉంచేశాను. వీడియోను గ్రూపులో పెట్టేశాను.

చెయ్యి జారిందని చెప్పుకోవడానికి ఎన్నోసార్లు చూశాను. జారిన చెయ్యి అంత సరిగ్గా కత్తిరిస్తుందా?

సాయంత్రానికల్లా తల్లిదండ్రులు బడి మీద పడ్డారు. కరస్పాండెంట్ నన్ను పిలిచి నిలదీస్తే, పని ఎక్కువై తోక చూసుకోలేదన్నాను. తిట్టి వదిలేశారు. రూతు టీచర్‌ను మాత్రం తీసేశారు. పదో తరగతి పిల్లలకు ఆ ఏడాది మళ్లీ లెక్కల టీచర్ దొరకలేదు. ఆ వీడియో ఊళ్లోని బడులన్నిటికీ పాకింది. ఇక ఆమెకు ఉద్యోగం ఎవరిస్తారు?

వెళ్లిపోయే రోజు ఆమె ల్యాబ్ గుమ్మం దగ్గర ఆగింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"సార్, నేను ఫోన్ల మీ గురించి గూడ ఒక మాటన్న. అది వీడియోల రాలే."

"నాకు తెల్వది టీచర్. నేను సూడలే."

"మంచిదే తీయండి సార్. మీరైన బద్నాం గాలే."

వెటకారమా? జాలా? ఆ గొంతును ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి వింటున్నాను. తేలలేదు. తేలిందల్లా ఒకటే, ఆమెకు తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నా ఉద్యోగం కూడా పోయేది. నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉండిపోయాను.

ఆ తర్వాత ఒకసారి ఎనుమాముల మార్కెట్లో కనిపించింది. మిర్చి కాంటా దగ్గర కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని చీటీలు రాస్తోంది. పదో తరగతికి త్రికోణమితి చెప్పిన చెయ్యి. ఘాటుకు దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకుని వెనక్కి వచ్చేశాను.

ఇంకా సిగ్గుమాలిన సంగతి చెప్పాలి. ఇప్పుడు నేను బడులకు వెళ్లి, పాఠాలను వీడియోలుగా ఎలా రికార్డు చేయాలో టీచర్లకు నేర్పుతున్నాను. రికార్డింగ్ ఆపడం మరిచిపోతే ఏమవుతుందో చెప్పడానికి ప్రతిచోటా రూతు టీచర్ కథే చెబుతాను. పేరు చెప్పను, అదొక పెద్దరికం. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

మొన్న ములుగులో ఒక కొత్త టీచరమ్మ నవ్వలేదు. లేచి నిలబడింది.

"సార్, మరి ఎడిట్ జేసినాయన సూడలేదా?"

"సూడలేదమ్మా" అన్నాను. నోరు ఎక్కడా తడబడలేదు. అలవాటైపోయింది.

చూశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. ఏది ఉంచాలో, ఏది తీయాలో తెలిసే చేశాను.

ఇది రాస్తుంటే గొంతులో అడ్డం కాస్త జరిగింది. దీనివల్ల రూతు టీచర్‌కు ఒరిగేదేమీ లేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆమెకు ఆ రోజే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.